చైనా మెషీన్ చెన్నై పోర్టులో ఆగకూడదంటే ఓడ ఎక్కకముందే ఏం చూసుకోవాలి?

గుంటూరులో మిర్చి పొడి ప్యాకింగ్ యూనిట్‌కి చైనా నుంచి పౌచ్ మెషీన్ తెప్పిస్తున్నామని, చెన్నైలో కస్టమ్స్ వాళ్లు రోజుల తరబడి ఆపేస్తారని విన్నామని, ముందే ఏం చూసుకోవాలని ఒకరు అడిగారు. ఆపేది కస్టమ్సే అయినా, కారణం చాలాసార్లు సప్లయర్ పంపిన కాగితాల్లోనే ఉంటుంది.

అన్నిటికంటే ముందు బీఎల్ (బిల్ ఆఫ్ లేడింగ్, సరుకు ఓడ ఎక్కినట్టు షిప్పింగ్ లైన్ ఇచ్చే పత్రం) డ్రాఫ్టు. అది వాట్సాప్‌లో వస్తుంది, మనవాళ్లు ఫోన్‌లోనే పైపైన చూసి ఓకే అనేస్తారు. అలా చేయకండి. ప్రింటు తీసి ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు పక్కన పెట్టుకోండి. కంపెనీ పేరు ఐఈసీలో (దిగుమతి, ఎగుమతులకు ప్రభుత్వం ఇచ్చే కోడ్) ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండా ఉండాలి. జీఎస్‌టీ నంబరు, పెట్టెల లెక్క, గ్రాస్ వెయిట్ మూడింట్లోనూ ఒకటే కావాలి. ప్యాకింగ్ లిస్టులో 1,840 కిలోలు, బీఎల్‌లో 1,480 అని పడితే, ఓడ వచ్చాక షిప్పింగ్ లైన్ చేత మానిఫెస్ట్ (ఓడలోని సరుకుల జాబితా) సవరణ చేయించాలి. దానికి ఫీజు వేరు, పోయే రోజులు వేరు.

తర్వాత ఇన్‌వాయిస్. ‘ప్యాకింగ్ మెషీన్ విత్ స్పేర్స్, 1 లాట్’ అని రాయించుకుంటే కస్టమ్స్ క్వెరీని (వివరణ అడుగుతూ వచ్చే ప్రశ్నని) చేతులారా పిలిచినట్టే. 2020 నుంచి ఫేస్‌లెస్ అసెస్‌మెంట్ (ముఖాముఖి లేకుండా ఆన్‌లైన్‌లోనే సుంకం తేల్చడం) కదా, మీ బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కి మనం వేసే దిగుమతి పత్రం) చూసే ఆఫీసరు వేరే ఊళ్లో ఉండొచ్చు. ఆయన ముందు ఉండేది మీరు ఈ-సంచిత్‌లో (కస్టమ్స్‌కి కాగితాలు పంపే ఆన్‌లైన్ వేదిక) ఎక్కించిన పీడీఎఫ్‌లే. పౌచ్ చేసి, పొడి నింపి, సీల్ వేసే మెషీనైతే దాని కస్టమ్స్ కోడ్ 8422 30 00. ఊరికే చుట్టే, ష్రింక్ చేసే మెషీనైతే 8422 40 00. విడిగా వచ్చే మోటారు 8501, బేరింగులు 8482, హీటర్లు 8516 కిందకి పోతాయి. అన్నీ మెషీన్ విడిభాగాలే కదా అని 8422 90లో కుక్కేస్తారు, ప్రశ్న అక్కడే పుడుతుంది. ఒక్కో వస్తువుకి మోడల్, పని, సంఖ్య, ధర విడి వరుసలో రాయించండి. క్యాటలాగు, బ్యాంకు స్విఫ్ట్ కాపీ (డబ్బు పంపినట్టు రుజువు) బిల్ ఆఫ్ ఎంట్రీతోపాటే ఎక్కించండి. మెషీన్ల మీద బీఐఎస్ (నాణ్యతా ప్రమాణాల సంస్థ) ఉత్తర్వులు మారుతూ ఉంటాయి కాబట్టి, అడ్వాన్సు కట్టకముందే మీ 8 అంకెల కోడ్‌తో సీహెచ్‌ఏని (కస్టమ్స్ పనులు చూసే ఏజెంటుని) అడగండి.

ధర తగ్గించి ఇన్‌వాయిస్ ఇస్తామని కొందరు సప్లయర్లే ఆశ చూపిస్తారు. దయచేసి ఆ దారి పట్టకండి. అదే రకం మెషీన్లు ఎంతకి దిగుతున్నాయో కస్టమ్స్ వాళ్ల డేటాలో ఉంటుంది. పైగా కట్టిన ఐజీఎస్‌టీ (దిగుమతి మీద పడే జీఎస్‌టీ) మీకు క్రెడిట్‌గా తిరిగొస్తుంది. దాచి మిగుల్చుకునేది చాలా కొంచెం.

చెక్క పెట్టెని మాత్రం అందరూ మర్చిపోతారు. దాని మీద గోధుమ కంకి బొమ్మ, సీఎన్ అనే దేశం కోడ్, హెచ్‌టీ లేదా ఎంబీ ముద్ర ఉండాలి. హెచ్‌టీ అంటే చెక్క నడిమధ్య దాకా 56 డిగ్రీల వేడి కనీసం 30 నిమిషాలు తగిలిందని, ఎంబీ అంటే పురుగులు పోయేలా మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టారని. ముద్ర లేకపోతే క్వారంటైన్ వాళ్లు మళ్లీ ట్రీట్‌మెంట్ చేయిస్తారు. కంటైనర్లో ఎక్కించే ముందు ముద్ర కనబడేలా ఫొటో అడగండి.

బిల్ ఆఫ్ ఎంట్రీ ఓడ రావడానికి 30 రోజుల ముందు నుంచే వేయొచ్చు. ఓడ చేరే రోజుకి ముందు రోజు ముగిసేలోపు పడి తీరాలి. దాటితే మొదటి 3 రోజులు రోజుకి 5,000, ఆపైన రోజుకి 10,000 రూపాయలు. మధ్యలో వచ్చే సెలవులు కూడా లెక్కలోకే వస్తాయి.

ఇంకొకటి, వీలైతే ఎఫ్‌ఓబీ (ఓడ ఎక్కేదాకా ఖర్చు సప్లయర్‌ది, ఆపైన మనది) మీదే కొనండి. సీఐఎఫ్‌లో (ఓడ కిరాయి, బీమా కూడా సప్లయరే చూసుకునేది) ఫ్రైట్ చవగ్గా కనబడుతుంది కానీ, ఏజెంటుని ఎంచుకునేది సప్లయర్. ఇక్కడ డెలివరీ ఆర్డర్ (సరుకు అప్పగించమనే పత్రం) ఇచ్చేటప్పుడు ఆ ఏజెంటు వేసే చార్జీల మీద మీకు పట్టుండదు. ఎఫ్‌ఓబీలోనైతే బుకింగ్ అప్పుడే కంటైనర్‌కి 14 ఫ్రీ డేస్ (అదనపు చార్జీ పడకుండా కంటైనర్ ఉంచుకునే రోజులు) అడగొచ్చు. తర్వాత అడిగితే ఇవ్వరు. మిగతా సొమ్ము ఓడ దారిలో ఉండగానే కట్టేసి, టెలెక్స్ రిలీజ్ (అసలు బీఎల్ కాగితం లేకుండానే సరుకు ఇచ్చే అనుమతి) అయిందని షిప్పింగ్ లైన్ చెన్నై ఆఫీసు నుంచే మెయిల్ తెప్పించుకోండి. సప్లయర్ అయిపోయిందని చెప్పినా ఆ మెయిల్ చూసేదాకా వదలకండి.