ఒక్క రిసెప్టర్‌ని పట్టుకో

తమ్ముడూ,

వయసుతో పెరిగే వాపు మీద, న్యూక్లియర్ రిసెప్టర్ల మీద నీ వ్యాసం చదివాను. ఎంత కష్టపడ్డావో తెలుస్తూనే ఉంది, కానీ హార్మోన్ల లాంటివి అతుక్కుంటే జన్యువులని నడిపించే ఈ ప్రోటీన్లని, ఉన్న న్యూక్లియర్ రిసెప్టర్లన్నిటినీ, అందులోకి ఎక్కించేశావు. మనిషిలో అవి 48. అన్ని పేర్లు వరసపెట్టి వస్తే ఒక్కటీ గుర్తుండదు. నన్నడిగితే గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్ ఒక్కటి తీసుకోమంటాను. దాని పేరు వినకపోయినా స్టెరాయిడ్ మాత్ర గురించి విననివాళ్లు అరుదు, ఆ మాత్ర పనిచేసేది దీని ద్వారానే.

తర్వాత ఒకే కణం చూపించు, మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణం అనుకో. ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ హార్మోన్ కార్టిసాల్ వచ్చేదాకా ఈ రిసెప్టర్ ఎక్కువగా కేంద్రకం బయటే, హెచ్‌ఎస్‌పీ90 లాంటి ప్రోటీన్లని అంటిపెట్టుకుని ఉంటుంది. కార్టిసాల్ పొర దాటి వచ్చి అతుక్కోగానే దీని ఆకారం మారుతుంది, కేంద్రకంలోకి వెళ్తుంది, అక్కడ డీఎన్‌ఏ మీద చేరి గిల్జ్ లాంటి వాపు (ఇన్‌ఫ్లమేషన్) తగ్గించే ప్రోటీన్ల జన్యువులని పనిలోకి దించుతుంది, ఇంకోపక్క వాపు పెంచే సంకేత ప్రోటీన్లు ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ తయారు చేయించే ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీన్ జోరు తగ్గిస్తుంది. నీ డ్రాఫ్టులో ఇదంతా ఒక్క వాక్యంలో తేల్చేశావు, వ్యాసానికి ప్రాణం ఇదే కదా!

ఇప్పుడు వయసు సంగతికి రా. ఇన్ఫెక్షనేమీ లేకపోయినా పెద్దవయసులో నివురుగప్పిన నిప్పులా వాపు రాజుకుంటూ ఉంటుంది. ఇటలీ శాస్త్రవేత్త క్లాడియో ఫ్రాన్సెస్కి బృందం 2000లో దీనికి ఇన్‌ఫ్లమేజింగ్ అని పేరు పెట్టింది. విభజన ఆగిపోయిన ముసలి కణాలు, పొట్టలోని కొవ్వు ఐఎల్-6ని వదులుతూ ఉంటాయి. మరి కార్టిసాల్ తగ్గిపోయిందా అంటే అదీ కాదు, వయసుతో సాయంత్రం పూట దాని మోతాదు కాస్త పెరిగే ధోరణే కనిపిస్తుంది. ఆపే హార్మోన్ ఉండగా వాపు ఎందుకు ఆగట్లేదన్నదే నీ వ్యాసం నడిపించాల్సిన ప్రశ్న. దీర్ఘకాలం వాపు, ఒత్తిడి ఉన్నచోట రోగనిరోధక కణాలు కార్టిసాల్ మాట సరిగా వినవు, జవాబులో కొంత భాగం అక్కడుంది. అదొక్కటే కారణమని మాత్రం రాయకు. ఎలుకల్లో తేలినదాన్ని ఎలుకల్లో అనే చెప్పు.

ఇంకోటి, రిసెప్టర్‌ని హీరోని చెయ్యకు. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ అనే మందుల పరీక్షలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వెంటిలేటర్ మీదున్న కోవిడ్ రోగుల మరణాలని దాదాపు మూడో వంతు తగ్గించింది, ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి లాభమే కనిపించలేదు. మందు అదే, రిసెప్టరూ అదే, జబ్బు దశ వేరు. పైగా ఏళ్ల తరబడి వాడితే ఎముకలు గుల్లబారతాయి, షుగర్ పెరుగుతుంది, ఇన్ఫెక్షన్లు సులువుగా పట్టుకుంటాయి, ఇవన్నీ పెద్దవాళ్లకి ముందే ఉన్న బెడదలు.

నాకు టెన్షన్ పెట్టిన సంగతి ఒకటుంది. నీ చివరి పేరా చదివి ఎవరైనా భయపడి, రోజూ వేసుకునే స్టెరాయిడ్ మాత్రలు టక్కున మానేయొచ్చు. చాలాకాలం వాడినవాళ్లలో కిడ్నీల పైనుండే ఎడ్రినల్ గ్రంథులు సొంతంగా కార్టిసాల్ తయారు చేయడం తగ్గించేస్తాయి, ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి వస్తుంది, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఆ మాట అక్కడే స్పష్టంగా రాసి, మళ్లీ పంపు.