పికప్ కిందికి వెళ్లే ముందు

చి.ల.సౌ. అమ్మాయికి, పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు కొన్న పాత పికప్‌కు వెనక బ్రేకులు ఇంటి దగ్గరే విప్పి చూసుకుంటానన్నావని మీ నాన్న చెప్పాడు. బతుకంతా మెకానిక్ షెడ్డులో గడిపినవాణ్ణి కనుక, మన ఇంట్లో మరొకరు స్పానర్ పట్టుకుంటున్నారంటే నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అయితే ఆ రాత్రి నిద్ర కూడా పట్టలేదు. బ్రేకు పని నువ్వు చూసి నేర్చుకోగలవు. నా దిగులంతా బండిని పైకి లేపి నిలబెట్టడం గురించే.

బల్లపరుపుగా ఉన్న గట్టి సిమెంటు నేల చూసుకో. మట్టి, కంకర పనికిరావు. తారునేల ఎండకు మెత్తబడుతుంది కనుక తప్పనిసరైతే లేపిన బండిని మోసే ఇనుప స్టాండు కాళ్ల కింద మందపాటి ప్లైవుడ్ పలక వెయ్యి. వెనక తొట్టిలోని బరువులన్నీ దించు. చక్రాలు నేల మీద ఉండగానే వీల్ నట్లు పావు చుట్టు వదులు చెయ్యి, ఎందుకంటే లేపిన బండి మీద బలంగా గుంజడం మంచిది కాదు. తాళంచెవి నీ జేబులోనే ఉండాలి.

ఇక గేరు సంగతి. బండి గేరులో ఉంది కదా, ఎక్కడికి పోతుంది అనుకుంటావేమో, ఇక్కడ కొంచెం నిదానంగా చదువు.

నేను పని నేర్చుకునే రోజుల్లో మా షెడ్డులో చెయ్యి తిరిగిన పెద్ద పనివాడొకాయన ఉండేవాడు. వెనక డ్రమ్ము, అంటే చక్రంతో పాటు తిరిగే బ్రేకు గిన్నె, ఊడదీయాలంటే హ్యాండ్‌బ్రేకు వదలాలి, లేకపోతే లోపల దాన్ని ఒరుసుకుని ఆపే షూలు పట్టుకుని రానివ్వవు. ఆయనా వదిలాడు. ఫస్ట్ గేరు వేసి ఉందన్న ధీమాతో ముందు చక్రాలకు అడ్డు పెట్టకుండా, స్టాండు కూడా లేకుండా, ఎడమ వెనక చక్రం ఒక్కటే బాటిల్ జాకీ మీద లేపి, చక్రం తీసి గోడకు ఆనించి, డ్రమ్మును సుత్తితో తట్టడం మొదలుపెట్టాడు. ఆ నేలకున్న వాలు కంటికి ఆనేది కూడా కాదు. బండి చప్పుడు లేకుండా ముందుకు కదిలింది, జాకీ ఒరిగింది, వెనక భాగమంతా ఆ డ్రమ్ము మీద కూలబడింది. సుత్తి మార్చుకోవడానికి అప్పుడే పక్కకు జరిగాడు కాబట్టి సరిపోయింది గాని, అంతకు ముందు ఆయన మోకాలు ఉన్నది సరిగ్గా ఆ డ్రమ్ము కిందే.

గేరు పట్టి ఉంచేది గేరుబాక్సు నుంచి వెనక్కి వెళ్లే పొడవాటి ఇరుసు, ప్రొపెల్లర్ షాఫ్టును మాత్రమే. ఆ షాఫ్టుకూ చక్రాలకూ నడుమ డిఫరెన్షియల్ ఉంటుంది. మలుపుల్లో రెండు వెనక చక్రాలనూ వేరువేరు వేగాలతో తిరగనివ్వడమే దాని పని. షాఫ్టు కదలకపోయినా ఒక చక్రం ముందుకు తిరిగితే రెండోది వెనక్కి తిరగగలదు. రెండూ నేల మీద ఆని ఉన్నంతసేపు అది సాధ్యపడదు గాని, ఒకటి గాలిలోకి లేచిందంటే అది ఎదురు లేకుండా తిరుగుతూ, నేల మీదున్న రెండోదాన్ని హాయిగా దొర్లనిస్తుంది. ఆటోమేటిక్ బండిలో పార్క్‌లో పెట్టినా ఇంతే. డిఫరెన్షియల్‌ను కళ్లు మూసుకుని విప్పి బిగించగల మనిషికే ఆ పూట ఇది తట్టలేదు.

చాలా పికప్‌లలో హ్యాండ్‌బ్రేకు కూడా వెనక చక్రాలనే పట్టుకుంటుంది. అవి రెండూ లేచాక ఇక దాని వల్ల ఉపయోగం లేదు. కాబట్టి బండిని ఆపేది నువ్వు ముందు చక్రాలకు పెట్టే అడ్డుదిమ్మెలే. ఏటవాలుగా కోసిన గట్టి చెక్కవి గాని రబ్బరువి గాని తీసుకుని, రెండు చక్రాలకూ ముందూ వెనకా టైరుకు ఆనేలా బిగించి పెట్టు. రెండు వైపులా స్టాండ్ల మీద బరువు కూర్చునేవరకు హ్యాండ్‌బ్రేకు వదలకు.

బండితో వచ్చిన జాకీ దారిలో స్టెప్నీ మార్చుకోవడానికి ఇచ్చినది. దీనికి 3 టన్నుల ట్రాలీ జాకీ తెచ్చుకో. ఎక్కడ ఆనించాలో బండి పుస్తకంలో బొమ్మ ఉంటుంది. మామూలుగా అయితే వెనక యాక్సిల్‌ను కప్పి ఉండే హౌసింగు గొట్టం కింద, కమాను పట్టీలకు దగ్గరగా పెడతారు. ఛాసిస్ కింద పెట్టి లేపితే పట్టీలు సాగి యాక్సిల్ కిందికి వేలాడుతుంది, చక్రం లేవడానికి చాలా ఎత్తు లేపాల్సి వస్తుంది. ట్రాలీ జాకీ చెయ్యి వంపు తిరుగుతూ లేస్తుంది కనుక లేపేటప్పుడు దాని చక్రాలు దొర్లుతుండాలి. అవి ఎక్కడైనా ఇరుక్కుంటే జాకీ పక్కకు లాగుతుంది.

జాకీలో బరువు మోసేది నూనె, ఆ నూనెను ఆపేది ఒక రబ్బరు సీలు. అందుకే జాకీ లేపడానికే తప్ప నిలపడానికి కాదు. స్టాండు మీద రాసిన బరువు ఒక్కోదానికా, జతకా అన్నది చూసి కొను. రెంటినీ ఒకే ఎత్తులో పెట్టి, ఆ ఎత్తును నిలిపే పిన్ను పూర్తిగా దూర్చి, జాకీని మెల్లగా దించి బరువంతా వాటి మీదికి రానివ్వు. తర్వాత బయట నిలబడి బండిని గట్టిగా కుదుపు. పడేదుంటే నువ్వు బయట ఉన్నప్పుడే పడనీ. జాకీని మళ్లీ ఊరికే తగిలేలా పెట్టి, విప్పిన చక్రాలను ఛాసిస్ కిందికి తోసి ఉంచు.

స్టాండ్లు లేవని ఇటుకలో, బోలు సిమెంటు దిమ్మెలో పేర్చావని తెలిస్తే నేనే వచ్చి ఆ బండి తాళాలు తీసుకుపోతాను. అవి పగిలే ముందు కిర్రుమని కూడా అనవు. చిన్నతనంలో మీ నాన్న నట్టు దొర్లిపోయిందని జాకీ మీదున్న బండి కిందికి చెయ్యి పెడితే చెంప ఛెళ్లుమనిపించాను. ఇప్పటికీ దెప్పుతుంటాడు. నీ మీద నా చెయ్యి లేవదు, అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ఇంట్లో ఎవరూ లేనప్పుడు పని పెట్టుకోకు. దించేటప్పుడు నట్లను ఎదురెదురుగా బిగిస్తూ వచ్చి, చివరి బిగింపు చక్రం నేలకు ఆనాకే, పుస్తకంలో చెప్పిన టార్కుకు, అంటే బిగింపు బలానికి, ఇవ్వు. 50 నుంచి 100 కి.మీ. నడిపాక మరోసారి చూసుకో. స్టాండ్ల మీద నిలబెట్టాక రెండు వైపులా ఫొటోలు తీసి నాకు పంపు. నేను చూసి ఫోను చేసేవరకు కిందికి వెళ్లకు.

ఇట్లు,
మీ పెదనాన్న