తండ్రి టాక్సీ, తల్లి లాడ్జి, పాపకు హోటల్ కోర్సు... అందరూ కొండనే నమ్ముకుంటే?

ప్రశ్న: మాది తిరుపతి. సొంత టాక్సీ నడుపుతాను. మా ఇంటామె బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో రూములు శుభ్రం చేసే పనికి పోతుంది. పాప ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతానని పట్టుబట్టింది. కరోనాలో బాడుగలు లేక, కారు కంతులు కట్టలేక నగలు కుదువ పెట్టాం. మళ్లీ అలాంటి రోగం వస్తే ముందు మూతపడేవి హోటళ్లే, నర్సింగో, కంప్యూటర్ కోర్సో చదివించమని బంధువులు అంటున్నారు. ఏ రోగం వచ్చినా పోని ఉద్యోగం ఏదో చెప్పండి. అప్పు చేసైనా అదే చదివిస్తాను.

జవాబు: అన్నా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ భయపెట్టింది హోటల్ కోర్సు కాదు, చివర రాసిన ‘అప్పు చేసైనా’ అన్న మాట. దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు మీరు అడిగినదానికి సూటిగా జవాబు: ఏ రోగం వచ్చినా చెక్కుచెదరని ఉద్యోగం నాకు తెలిసి లేదు. అందరూ భద్రం అనుకునే సర్కారు కొలువునే తీసుకోండి. 2020 మార్చి, ఏప్రిల్ జీతాలు మన రాష్ట్రంలో చాలామంది ప్రభుత్వ ఉద్యోగులకు సగమే చేతికొచ్చాయి. ఆపిన సగం తర్వాత ఇచ్చారు గానీ, దాని మీద వడ్డీ కోసం నడిచిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఉద్యోగం నిలబడింది. కానీ ఆ నెల అద్దె, పిల్లల ఫీజు కట్టాల్సిన ఇంట్లో టెన్షన్ మాత్రం తప్పలేదు.

దెబ్బ అందరికీ ఒకేలా తగల్లేదన్నది కూడా నిజమే. 2020 ఏప్రిల్ నుంచి జూన్ వరకు దేశ జీడీపీ అంతకుముందు ఏడాది అదే కాలంతో పోలిస్తే దాదాపు 24 శాతం పడిపోయిందని అప్పటి తొలి అంచనా. అందులో వాణిజ్యం, హోటళ్లు, రవాణా ఉన్న విభాగం 47 శాతం పడింది, నిర్మాణ రంగం సగానికి సగం పడింది. వ్యవసాయం మాత్రం 3.4 శాతం పెరిగింది. మళ్లీ ఆ వ్యవసాయంలోనే పెళ్లిళ్లు, గుళ్లు ఆగిపోయి పూలు కొనేవాళ్లు లేని రైతులున్నారు. కాబట్టి రంగం పేరు చూసి ‘ఇది భద్రం, అది ప్రమాదం’ అని గీత గీయలేం. డాక్టర్లలో కూడా నోట్లో చెయ్యిపెట్టి పనిచేసే పళ్ల డాక్టర్ల క్లినిక్కులు ఖాళీగా ఉన్నాయి. ప్రైవేటు బడుల్లో పంతుళ్లకు చదువు చెప్పే నేర్పు ఎక్కడికీ పోలేదు, ఫీజులు రాక జీతాలు ఆగాయి. కొందరు ఊళ్లకు పోయి కూలికి వెళ్లారు.

నేను గమనించినంతలో తేడా మూడు చోట్ల వచ్చింది. మనిషి మన దగ్గరికి నడిచి వస్తేనే డబ్బు వచ్చే పనా? పని ఆగినా కొన్నాళ్లు జీతమో సాయమో ఇవ్వాల్సిన యజమాని ఉన్నాడా? నెలనెలా కట్టి తీరాల్సిన అప్పు ఎంత? ఈ మూడింటిలోనూ ఇరుక్కున్నవాళ్లే ఎక్కువ దెబ్బతిన్నారు. మీరు అలాగే దెబ్బతిన్నారు.

మీ ఇంటి విషయంలో ఇంకొకటి ఉంది. ఇది తిరుపతి తల్లిదండ్రులు అందరూ కూర్చుని ఆలోచించాల్సిన సంగతి. 2020 మార్చి 20న కొండ మీద భక్తులకు దర్శనం ఆగింది. మళ్లీ జూన్ 11న మొదలైనా రోజుకు ఆరు వేల మందికే అవకాశం ఇచ్చారు. మామూలుగా అరవై, డెబ్బై వేల మంది వచ్చే చోటు అది. ఆ ఏడాదీ, 2021లోనూ బ్రహ్మోత్సవాలు ఏకాంతంగా జరిగాయి. దాంతో మీ టాక్సీకి బాడుగ పోయింది, మీ ఇంటామెకు పని పోయింది. గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న అంగళ్లు, బొమ్మలు అమ్మేవాళ్లు, టిఫిన్ బండ్లు, క్షురకులు, చివరికి లాడ్జీ దుప్పట్లు ఉతికే చాకలి వరకు అందరిదీ ఒకే రోజు ఆగింది. భార్యాభర్తలు ఇద్దరూ సంపాదిస్తున్నారు కదా, ఒకరిది పోతే ఇంకొకరిది ఉంటుందని అనుకుంటాం. మీ ఇద్దరి సంపాదనకూ మూలం యాత్రికుడే. ఇప్పుడు మూడో మనిషి కూడా అక్కడికే చేరితే, ఇంట్లో మూడు జీతాలున్నా ఒక్క జీతం ఉన్నట్టే లెక్క.

అందుకే మీ ప్రశ్నను కొంచెం మార్చి చూడమంటాను. పాప సంపాదన మీ సంపాదన ఆగే రోజునే ఆగకుండా ఉండాలి. ఆ చదువు హోటల్ మేనేజ్‌మెంట్ కూడా కావచ్చు.

ఎలాగో చెప్తాను. ఆ కోర్సులో ఫ్రంట్ ఆఫీసు, హౌస్ కీపింగ్, సర్వీసు, వంటతయారీ అని నాలుగు దారులుంటాయి. మొదటి మూడింటిలో అతిథి వస్తేనే పని ఉంటుంది. వంటతయారీకి ఆ ఇబ్బంది తక్కువ. లాక్‌డౌన్‌లో అన్నీ మూసినా ఆహారం తయారుచేసే ఫ్యాక్టరీలకు అనుమతి ఉంది. ఆస్పత్రి వంటశాలలు ఆగలేదు. ఈ ఊళ్లోనే విష్ణునివాసం, తిరుచానూరు పద్మావతి నిలయం లాంటి యాత్రికుల వసతి గృహాలను కరోనా కేంద్రాలుగా మార్చారు, అక్కడ ఉన్నవాళ్లకు పూటపూటా భోజనం వండి పంపాల్సి వచ్చింది. గదులు అద్దెకు ఇచ్చే పని ఆగిన చోటే వండే పని నడిచింది. చిత్తూరు చుట్టుపక్కల తోతాపురి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు ఉన్నాయి, డెయిరీలు ఉన్నాయి. ఆహార భద్రత, నాణ్యత చూసే మనుషులు వాటికి ఏడాది పొడవునా కాకపోయినా సీజన్‌లో తప్పకుండా కావాలి. పాప బైపీసీ చదువుతోంది కాబట్టి సూక్ష్మజీవుల సంగతి, నిల్వ సంగతి ఆమెకు కొత్త కాదు. డిగ్రీతో పాటు, దేశంలో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే ‘ఫోస్టాక్’ అనే ఆహార భద్రత శిక్షణ తీసుకుంటే అదనపు బలం.

చేర్చేది ఎక్కడ అన్నది ముఖ్యం. వీధికొకటి వెలిసిన ప్రైవేటు కాలేజీల బ్రోచర్లు చూసి, విదేశాల్లో ఉద్యోగం అన్న మాట నమ్మి లక్షలు పోయకండి. తిరుపతిలోనే స్టేట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హోటల్ మేనేజ్‌మెంట్ ఉంది. కేంద్ర పర్యాటక శాఖ కింద ఇండియన్ కలినరీ ఇన్‌స్టిట్యూట్ కూడా ఇక్కడే ఉంది, అది పూర్తిగా వంట కళ మీద నడిచే సంస్థ. హోటల్ మేనేజ్‌మెంట్ జాతీయ ప్రవేశ పరీక్ష నోటిఫికేషన్ కోసం పాపను ఆ పరీక్ష పెట్టే కేంద్ర సంస్థ ఎన్‌టీఏ వెబ్‌సైటు చూస్తుండమనండి. ఇంటర్‌లో ఇంగ్లీషు ఒక సబ్జెక్టుగా ఉండాలి, మీ పాపకు ఉండే ఉంటుంది. ఇంటి నుంచి వెళ్లి వస్తే హాస్టల్ ఖర్చు కూడా మిగులుతుంది.

నర్సింగ్ గురించి రెండు మాటలు. మంచి చదువే, మన ఊళ్లోని స్విమ్స్ ఆస్పత్రిలోనే ఆ కోర్సు ఉంది. కానీ కరోనాలో తాత్కాలికంగా తీసుకున్న సిబ్బందిలో చాలామందిని కేసులు తగ్గాక పంపేశారు. రాత్రి డ్యూటీలు, రోగుల బాధ తట్టుకునే మనసు ఉన్న పిల్లకైతేనే అది. భయంతో చేర్పిస్తే మధ్యలో వదిలేస్తుంది. కంప్యూటర్ ఉద్యోగాలు ఇంటి నుంచి నడిచాయి, అయితే ఆసక్తి లేని పిల్లను అందులోకి నెట్టి లాభం లేదు.

ఇక అప్పు. 2020లో రిజర్వు బ్యాంకు మార్చి నుంచి ఆగస్టు వరకు మొత్తం ఆరు నెలలు కంతులు వాయిదా వేసుకునే వీలు ఇచ్చింది. చాలామంది అది మాఫీ అనుకున్నారు. ఆ నెలల వడ్డీ అసలుకు చేరుతూనే ఉంది. వడ్డీ మీద వడ్డీని తర్వాత రెండు కోట్లలోపు రుణాలకు వెనక్కి ఇచ్చారు గానీ, మామూలు వడ్డీ కట్టాల్సిందే. చదువు రుణం కూడా అంతే, చదివే కాలంలో కంతు లేకపోయినా వడ్డీ పెరుగుతుంది. తప్పనిసరైతే బ్యాంకు చదువు రుణం తీసుకోండి. 7.5 లక్షల వరకు ఆస్తి తాకట్టు లేకుండా ఇచ్చే పథకం ఉంది. నగలు మళ్లీ కుదువకు పెట్టడం, చీటీ పాడుకోవడం, కారు మీద ఇంకో రుణం ఎత్తడం మాత్రం వద్దు. కారు ఆగితే మీ ఇల్లు ఆగుతుంది. వేసవి సెలవులు, బ్రహ్మోత్సవాల సీజన్‌లో వచ్చే డబ్బులో కనీసం మూడు నెలల కంతులకు సరిపడా పక్కన పెట్టండి. దాన్ని పాప ఫీజుకు కూడా ముట్టుకోకండి.

మీ ఇంటామె పనిచేసే లాడ్జిలో పదిమంది, అంతకు మించి పనిచేస్తుంటే, ఆమె జీతం నెలకు 21,000 లోపే అయితే, ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) ఉండాలి. కార్డు ఉందో లేదో ఈ వారమే అడగండి. కరోనాలో ఉద్యోగం పోయిన ఈఎస్‌ఐ సభ్యులకు, కొన్ని షరతులతో, సగటు వేతనంలో సగం చొప్పున మూడు నెలల వరకు సాయం అందించే పథకం నడిచింది. కార్డు లేనివాళ్లకు ఆ దారే లేకపోయింది. అడిగితే ఓనరు ఏమనుకుంటాడో అని వెనకాడకండి, అది ఆమె హక్కు.

పాపతో మాట్లాడేటప్పుడు కరోనా నాటి లెక్కలు ఆమె ముందు పెట్టండి. ఇంట్లో అప్పు ఎంతుందో ఆ వయసు పిల్లకు తెలియాలి. దరఖాస్తుకు ముందు ఇంకో పని చేయండి. మీకు తెలిసిన పెళ్లి వంటమాస్టరు ఎవరైనా ఉంటే, తోడుగా మీ ఇంటామెను పంపి, ఒక ముహూర్తం రోజు పాపను తెల్లవారుజాము నుంచి ఆ వంటశాలలో ఉంచండి. నాలుగొందల మందికి సాంబారు దించడం, పొయ్యి వేడి, నిలబడి నిలబడి కాళ్లు లాగడం, చివర పాత్రలు కడగడం అన్నీ చూడనివ్వండి. ఆ రోజు తర్వాత కూడా ఇదే కావాలంటే ఫారం నింపించండి. వద్దంటే నాకు మళ్లీ రాయండి, బైపీసీతో ఇంకా ఏయే దారులున్నాయో వివరంగా చెప్తాను.