కొత్త కాపురానికి పెద్దమ్మ ఉత్తరం: ప్రార్థన, వాక్యం, భోజనబల్ల

ఒంగోలు

ప్రభువునందు ప్రియమైన అమ్మాయికి,

పెద్దమ్మ దీవెనలు. నీ ఉత్తరం చేరింది. ఇద్దరూ ఉద్యోగాలకు పరుగెత్తే ఇంట్లో కుటుంబ ప్రార్థన నిలవడం లేదని, రాత్రి బైబిలు తెరిస్తే కళ్ళు మూతలు పడుతున్నాయని, ఆదివారం గుడికి వెళ్ళి రావడంతోనే భక్తి ముగిసిపోతోందని రాశావు. చివర, మామూలు సంగతి చెప్పినట్టు, "ఇక్కడ మా ఇంటికి ఎవరూ రారు, మేమూ ఎవరింటికీ వెళ్ళం" అన్నావు. మిగతా అన్నిటికంటే ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మనలో చాలామంది ప్రార్థన, వాక్యం భక్తి అనీ, ఇంటికి వచ్చినవారికి అన్నం పెట్టడం మర్యాద అనీ విడదీసి చూస్తారు. మొదటి సంఘంలో ఆ తేడా లేదు. "వీరు అపొస్తలుల బోధయందును సహవాసమందును, రొట్టె విరుచుటయందును ప్రార్థన చేయుటయందును ఎడతెగక యుండిరి" అని అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంలో ఉంది. అన్నీ ఒకే వచనంలో ఉన్నాయి. నీ ఇంట్లో ప్రార్థన, వాక్యం నీరసించడానికి మీ తలుపు మూసి ఉండటం కూడా ఒక కారణమని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎవరి కోసం ప్రార్థించాలో తెలియని ఇంట్లో ప్రార్థన త్వరగా అయిపోతుంది.

ముందు ప్రార్థన సంగతి. గడియారం చూసి సమయం పెట్టుకోవద్దు. అల్లుడుగారికి వారానికోసారి షిఫ్టు మారుతుందన్నావు కదా, తొమ్మిది గంటలని పెట్టుకుంటే మొదటి వారంలోనే తప్పిపోతుంది. రోజూ తప్పకుండా జరిగే పని ఒకదాన్ని ఆనవాలుగా పెట్టుకోండి. రాత్రి భోజనం చేసి గిన్నెలు తీసేలోపు అక్కడే కూర్చుని చేయండి, లేదా పొద్దున ఒకరు బయలుదేరే ముందు చేయండి. పది నిమిషాలు చాలు. ఫోన్లు వేరే గదిలో ఉండాలి. ఒక రోజు ఆయన, ఒక రోజు నువ్వు ప్రార్థించండి. ఎప్పుడూ ఒకరే ప్రార్థిస్తే రెండోవారు ఆమేన్ చెప్పడానికే అలవాటు పడిపోతారు.

గుడిలో పాస్టరుగారు చేసినట్టు పెద్ద పెద్ద మాటలతో ప్రార్థించనవసరం లేదు. మీ అమ్మతో మాట్లాడే మాటల్లోనే దేవునితో మాట్లాడు. ప్రభువు నేర్పిన ప్రార్థనను మాత్రం చిన్నప్పుడు నేర్చుకున్న రూపంలోనే ఇద్దరూ కలిసి చెప్పండి. అలసిపోయి సొంత మాటలు రాని రోజున అదే మోస్తుంది. ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకుని, ఎవరి కోసం ప్రార్థిస్తున్నారో పేరు, తేదీ రాసుకోండి. పేరు రాసిన తరువాత ఆ మనిషికి ఫోను చేసి ఎలా ఉన్నారో అడగడం కూడా ఆ ప్రార్థనలో భాగమే.

రెండు విషయాల్లో జాగ్రత్తగా ఉండు. భర్త మీద ఉన్న కోపాన్ని దేవునికి చెబుతున్నట్టు ఆయనకు వినిపించకు. "ప్రభువా, ఈ ఇంట్లో బాధ్యత తెలియనివారికి బుద్ధి దయచేయుము" అనే ప్రార్థనలు చాలా ఇళ్ళలో విన్నాను. ఆ కోపం నేరుగా ఆయనతోనే మాట్లాడి తేల్చుకో, తరువాత మోకాళ్ళూను. రెండోది, ఎవరైనా నమ్మి చెప్పుకున్న ఇంటి కష్టాన్ని ప్రార్థన విన్నపం పేరుతో పదిమందికీ చేరవేయకు. కొన్ని విన్నపాలు నీకూ దేవునికీ మధ్యనే ఉండాలి. తలుపు వేసుకుని రహస్యమందున్న తండ్రికి ప్రార్థన చేయమని మత్తయి ఆరో అధ్యాయంలో ప్రభువు చెప్పిన మాటను ఇక్కడ గుర్తు చేసుకో.

మనసు ఎండిపోయినట్టు ఉండే రోజులు వస్తాయి. అప్పుడు సంతోషం నటించవద్దు. 13వ కీర్తన బయటికి చదువు. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని దేవుణ్ణి నిలదీసే మాటతో అది మొదలవుతుంది. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, చివర ఓదార్పు వచనం ఒక్కటీ లేదు. అలాంటి ప్రార్థన కూడా పరిశుద్ధ గ్రంథంలో ఉందంటే, నీ నోట వచ్చినా దేవుడు వింటాడని అర్థం.

వాక్యం దగ్గరికి వద్దాం. జనవరిలో ఆదికాండముతో మొదలుపెట్టి లేవీయకాండము దగ్గర ఆగిపోవడం మన ఇళ్ళలో ఏటా జరిగేదే. మీరు మార్కు సువార్తతో మొదలుపెట్టండి. పదహారు అధ్యాయాలే. రోజుకు ఒకటి, వంతులు వేసుకుని బయటికి చదవండి. చదివాక "ఇందులో నాకు అర్థం కానిదేమిటి?" అని ఒకరినొకరు అడగండి. ప్రసంగం చేయనవసరం లేదు. అల్లుడుగారు ఇంగ్లీషు మీడియంలో చదివారు కాబట్టి పాత అనువాదంలోని గ్రాంథికం ఆయనకు కష్టంగా ఉండవచ్చు. వాడుక భాషలో వచ్చిన బైబిలు ఒకటి పక్కన పెట్టుకోండి. కంఠస్థం చేసే కీర్తనలు మాత్రం పాతదానిలోనే నేర్చుకోమంటాను, గుడిలో నలుగురితో కలిసి చెప్పగలగాలి కదా.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఇచ్చే వాగ్దానపు కార్డు నీ ఫ్రిజ్ మీద ఉందని తెలుసు. మీకు మంచి నిరీక్షణ ఇస్తానని దేవుడు చెప్పే యిర్మీయా 29:11 వచ్చిందని ఎంత సంతోషంగా చెప్పావు! అది మంచి వచనమే. అయితే ఆ అధ్యాయం మొత్తం చదువు. బబులోనుకు చెరపట్టుకుపోయిన జనానికి యిర్మీయా పంపిన ఉత్తరం అది. రెండేళ్ళలో తిరిగి వచ్చేస్తారని అబద్ధ ప్రవక్త హనన్యా చెప్పిన తీపి కబురు అంతకు ముందు అధ్యాయంలోనే ఉంటుంది. యిర్మీయా డెబ్బై ఏళ్ళంటాడు. ఈలోగా ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, మీరున్న పట్టణపు క్షేమాన్ని కోరి దాని కోసం ప్రార్థించండి అంటాడు. సొంత ఊరు వదిలి హైదరాబాదులో ఉంటూ, ఎప్పుడు తిరిగి వెళ్ళిపోదామా అని రోజులు లెక్కపెట్టుకునే నీకు ఆ ఉత్తరంలో ఆ ఒక్క వచనంకంటే చాలా ఎక్కువ ఉంది. మీ అపార్టుమెంటు గేటు దగ్గర కూర్చునే వాచ్‌మన్ కుటుంబం ఏ జిల్లా నుంచి వచ్చిందో నీకు తెలుసా? ఆ పట్టణపు క్షేమం అక్కడి నుంచే మొదలవుతుంది.

ఇక భోజనబల్ల.

మన ప్రాంతంలో కలిసి భోంచేయడం చిన్న విషయం కాదు. ఎవరి చేతి నీళ్ళు ఎవరు తాగాలి, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి అన్నదానికి తరతరాల కట్టుబాట్లు ఉన్న నేల ఇది. బాప్తిస్మం తీసుకున్నా బంతిలో మాత్రం కులం చూసుకున్నవాళ్ళు ఉన్నారు, పెళ్ళి సంబంధాల్లో ఇప్పటికీ చూసుకుంటున్నారు. ఇది కొత్త జబ్బు కాదు. అంతియొకయలో పేతురు అన్యజనులతో, అంటే యూదులు కానివారితో, కలిసి తింటూ, యెరూషలేము నుంచి కొందరు రాగానే భయపడి వెనక్కి తగ్గితే, పౌలు అందరి ఎదుటే ఆయనను నిలదీశాడు. గలతీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో చదువు. సువార్త సత్యం ఎంగిలి పళ్ళెం దగ్గర తేలే విషయమని పౌలుకు తెలుసు.

అందుకని నీ ఇంట్లోనే ఒకటి చూసుకో. పని చేయడానికి వచ్చే అమ్మకు వేరే గ్లాసు, వేరే పళ్ళెం ఉన్నాయా? ఉంటే ఈ రోజే తీసేయి. నువ్వు తాగే కప్పులోనే ఆమెకు టీ ఇవ్వు, కుర్చీలో కూర్చుని తాగమను. మొదట ఆమే ఒప్పుకోకపోవచ్చు, బలవంతపెట్టకు, కానీ మానకు. యాకోబు బావి దగ్గర ప్రభువు సమరయ స్త్రీని నీళ్ళు అడిగాడు. చేదుకోవడానికి ఆయన దగ్గర ఏమీ లేదు, ఆమె కుండలోవే తాగాలి. ఆ రోజుల్లో యూదుడు చేయని పని అది.

ఆదివారం ఆరాధన అయ్యాక ఒక్కరినైనా ఇంటికి తీసుకురా. మీ సంఘంలో హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లలు ఉంటారు, ఊరికి దూరంగా ఉద్యోగం చేసే నర్సులు ఉంటారు, భార్య పోయిన పెద్దాయన ఒకరైనా ఉంటారు. వాళ్ళను పిలువు. నిన్ను తిరిగి పిలవగలిగినవాళ్ళనే పిలవడం ఆతిథ్యం కాదని లూకా 14లో ప్రభువు సూటిగానే చెప్పాడు. పప్పు, ఒక కూర, చారు, పెరుగు చాలు. బిర్యానీ చేస్తేనే పిలవాలనుకుంటే ఏడాదికి రెండుసార్లే పిలుస్తావు. వచ్చినవారు కూడా అంత ఖర్చు చూసి మళ్ళీ రావడానికి మొహమాటపడతారు. నెలాఖరైతే టీ, ఉప్మా పెట్టు. ఒంట్లో బాగాలేకపోతే ఈ వారం కుదరదని చెప్పు. "సణుగుకొనకుండ ఒకనికి ఒకడు ఆతిథ్యము చేయుడి" అని పేతురు అన్నాడు కాబట్టి, సణుగుతూ చేసేకంటే వచ్చే వారం చేయడం మంచిది.

ఈ పనంతా నీ ఒక్కదాని మీదే పడకూడదు. మన ఇళ్ళలో మగవాళ్ళు ముందు గదిలో వాక్యం గురించి గంభీరంగా మాట్లాడుకుంటారు, ఆడవాళ్ళు వంటింట్లో చెమటలు కక్కుతుంటారు, పైగా ప్రభువు మాట వినకుండా ఇంటిపనిలో మునిగిపోయిన మార్త మీద ప్రసంగం వాళ్ళకే వినిపిస్తారు. నాకు ఇది ఎప్పుడూ సమ్మతం కాదు. ఈ పేరాను అల్లుడుగారికి చదివి వినిపించు. పునరుత్థానుడైన ప్రభువు తిబెరియ సముద్ర తీరాన బొగ్గులు రాజేసి, చేపలు కాల్చి, రొట్టె పెట్టి, రాత్రంతా వల వేసి అలసిపోయిన శిష్యులను "రండి భోజనము చేయుడి" అని పిలిచాడు. యోహాను 21లో ఉంది. మరణాన్ని గెలిచినవాడు వంట చేశాడు. అల్లుడుగారు కూరగాయలు తరగవచ్చు, గిన్నెలు కడగవచ్చు.

క్రైస్తవులు కానివారు భోజనానికి వచ్చినప్పుడు భోజన ప్రార్థన రెండు వాక్యాలు మించకూడదు. ఆ ప్రార్థనలో వాళ్ళకు బోధ చేయకు. అన్నాన్ని ఎరగా వాడవద్దు. ఈ మాట మన ఊరివాళ్ళకు బాగా తెలియాలి. ధాత కరువులో, అంటే 1876 నుంచి 1878 వరకు, మన ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని, కూలి దొరికేలా చేశాడు. తెలుగు బోధకులు ఆ కూలీల మధ్యనే ఉండి, విశ్రాంతి వేళల్లో వాక్యం చెప్పేవారు. బాప్తిస్మం కావాలని ఎందరో అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూడు కోసం వచ్చినవారెవరో, క్రీస్తు కోసం వచ్చినవారెవరో తేలనిమ్మని ఆపాడు. కరువు సాయం ఆగిపోయిందని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అందరూ ఆ అంకె చెప్పుకుని గర్వపడతారు. నాకు అంతకు ముందు ఆయన ఇవ్వకుండా ఆగిన నెలలే గొప్పవిగా తోస్తాయి. నీ ఇంట్లో తిన్నవాళ్ళు నీ దేవుని గురించి అడిగితే సంతోషంగా చెప్పు. అడగకపోతే ఇంకోసారి భోజనానికి పిలువు.

పక్కింటివాళ్ళు శాకాహారులైతే వేరే గిన్నెల్లో వండు, అది గొప్ప త్యాగంలా చెప్పుకోకు. సంక్రాంతికి వాళ్ళు అరిసెలు ఇస్తే ఆనందంగా తీసుకో, క్రిస్మస్‌కు నువ్వూ పిండివంటలు పంచు. ప్రసాదం విషయం వేరు. నీ మనస్సాక్షి ఒప్పుకోకపోతే వద్దనడం తప్పు కాదు. విగ్రహాలకు అర్పించిన ఆహారం గురించి చెప్పే మొదటి కొరింథీ 8, 10 అధ్యాయాలు మీరిద్దరూ కలిసి చదివి ముందే ఒక నిర్ణయానికి రండి. గుమ్మంలో పెద్దావిడను నిలబెట్టి చర్చ పెట్టడం మాత్రం వద్దు. ఎలా వద్దన్నావన్నది ఆమె మరిచిపోదు.

నువ్వు కూడా ఇతరుల ఇంటికి వెళ్ళి తినాలి. పెట్టడం మాత్రమే తెలిసి, తీసుకోవడం తెలియకపోతే అందులో ఒక పెద్దరికం దాగి ఉంటుంది. అందరూ పాపి అని దూరం పెట్టిన సుంకరి జక్కయ్య ఇంటికి ప్రభువు తానే వస్తానన్నాడు. వాచ్‌మన్ భార్య జొన్నరొట్టె పెడితే కూర్చుని తిను, ఇంటికి తెచ్చుకుని తింటానని తప్పించుకోకు.

ఒక చిన్న అలవాటు కూడా చెబుతాను. బిషప్ అజరయ్యగారి కాలంలో దోర్నకల్ ప్రాంతపు పేద క్రైస్తవ స్త్రీలు అన్నం వండే ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం విడిగా తీసి దేవునికని ఉంచేవారు. మన సంఘాల్లోనూ పిడికెడు బియ్యం తెలియనివారు లేరు. నువ్వూ పొయ్యి దగ్గర ఒక డబ్బా పెట్టు. అది నిండినప్పుడల్లా ఎవరికి ఇవ్వాలో ఇద్దరూ ప్రార్థనలో అనుకోండి. ఆ డబ్బా వల్ల మీ ప్రార్థనలోకి కొత్త పేర్లు వస్తాయి.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకు. ఈ వారం మార్కు మొదటి అధ్యాయం, ఆదివారం ఒక్క అతిథి, అంతే. మీ సంఘంలోని నర్సు అమ్మాయిని పిలిచేటట్టయితే ఆమె డ్యూటీ ఎప్పుడో ముందు కనుక్కో, రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాళ్ళను మధ్యాహ్నం పిలిస్తే నిద్ర పాడవుతుంది. వచ్చే బస్సులో బియ్యం మూట, రెండు పచ్చళ్ళ సీసాలు పంపుతున్నాను. ఎర్ర మూత ఉన్నది రొయ్యల పచ్చడి. తెల్ల మూతది నిమ్మకాయ, వేరే గరిటెతో తీశాను, పక్కింటివాళ్ళకు ఇవ్వవచ్చు.

ప్రభువునందు,
నీ పెద్దమ్మ