రెండున్నర లక్షలు తిరిగిన పికప్ కొనొచ్చా?

ప్రశ్న: సార్, మాది కొల్లిపర దగ్గర లంక ఊరు. అరటి గెలలు, కూరగాయలు తెనాలి, గుంటూరు మార్కెట్లకి తోలుతుంటాం, ఇప్పటిదాకా అంతా కిరాయి బండే. వచ్చిందాంట్లో సగం కిరాయికే పోతోందని సొంతానికి ఒక పాత బండి చూస్తుంటే 2014 మోడల్ బొలెరో పికప్ దొరికింది. 2 లక్షల 60 వేల కిలోమీటర్లు తిరిగింది, 3 లక్షల 30 వేలు చెప్తున్నాడు. ఓనరుది బంటుమిల్లి సైడు, రొయ్యలు తోలేవాడంట. ఇంజన్ స్మూత్‌గానే ఉంది, ఈమధ్యే పెయింట్ కూడా వేయించాడు. మా బావేమో అన్ని కిలోమీటర్లు తిరిగిన బండి ఎవడైనా కొంటాడా అని తిడుతున్నాడు. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా

జవాబు: మీ బావగారు భయపడాల్సింది కిలోమీటర్లకి కాదండీ, రొయ్యలకి. ఆయిల్ టైముకి మారుస్తూ వస్తే ఆ డీజిల్ ఇంజన్‌కి 2 లక్షల 60 వేలనేది పెద్ద లెక్కేం కాదు. ఒకవేళ లోపల అరిగిపోయి బోరుకొచ్చిందే అనుకుందాం, పక్కనే విజయవాడ ఆటోనగర్ ఉంది, 1966 నుంచీ వాళ్ళ పనే అది, లైనర్లు పిస్టన్లు మార్చి క్రాంక్ గ్రైండింగ్ చేసి పంపు పనితో సహా ఇంజన్ కట్టి ఇచ్చేస్తారు, ఖర్చవుతుంది కానీ బండి బతుకుద్ది. ఛాసిస్‌ని, అంటే బండి మొత్తాన్ని మోసే ఇనప చట్రాన్ని, తుప్పు తినేస్తే మాత్రం ఆటోనగర్ మొత్తం తిరిగినా చేసేదేం లేదు, అతుకులు వేస్తారు, ఆ అతుకు పక్కన మళ్ళీ పగులుద్ది.

రొయ్యల బండి అంటే ట్రేలు, ఐసు, ఆ ఐసు కరిగిన ఉప్పు నీళ్ళు. రోజూ ఆ నీళ్ళు బాడీ ఫ్లోరు సందుల్లోంచి కిందకి కారి క్రాస్ మెంబర్ల (ఛాసిస్‌లో అడ్డంగా ఉండే ఇనుము) మీద, కమాన్ పట్టీలు (బరువు మోసే స్ప్రింగులు) కట్టే బ్రాకెట్ల దగ్గర, బ్రేకు పైపుల మీద నిలబడి లోపల్లోపలే తింటూ ఉంటాయి, పైకి ఏమీ కనపడదు. అలాంటి బండికి అమ్మే ముందు కొత్త పెయింట్ ఎందుకు వేయించాడో మీరే ఆలోచించండి. డోర్లకి, క్యాబిన్‌కి వేస్తే సరే, అందరూ వేయిస్తారు, కింద ఛాసిస్‌కి కూడా నల్లరంగు నిగనిగలాడుతుంటే మాత్రం నాకైతే అక్కడే మనసు విరిగిపోద్ది. బండిని ర్యాంపు మీద ఎక్కించి, ఒక స్క్రూడ్రైవరు, చిన్న సుత్తి పట్టుకుని మీ సొంత మెకానిక్‌తో కిందకి దిగండి (ఓనరు చూపించిన మెకానిక్ వద్దు, మొహమాటపడకండి). సుత్తితో కొడితే గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు పట్టింది చప్పగా మోగి పెచ్చులు రాలతాయి. బ్రాకెట్ల దగ్గర వెల్డింగ్ అతుకులున్నాయేమో, స్టీలు బ్రేకు పైపులు పొక్కులెక్కాయేమో చూడండి, లోడు మీద ఉండగా ఆ పైపు పగిలితే ఏమవుద్దో నేను చెప్పక్కర్లేదు.

అది దాటితేనే ఇంజన్ సంగతి. స్మూత్‌గా ఉంది అన్నారు, వేడి మీద ఏ ఇంజన్ అయినా స్మూత్‌గానే ఉంటుందండీ. పొద్దున్నే వెళ్ళి, నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని ముందే చెప్పి, వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే మీకోసం ముందే వేడి చేసిపెట్టాడని అర్థం, ఇంకో రోజు రండి. చల్లటి ఇంజన్ ఒక్క సెల్ఫ్‌కి అందుకోవాలి. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ తాగుతోందని, ఇంజన్ తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత తీస్తే కుప్పలుగా ఆవిరి తన్నుకొస్తే బోరుకొచ్చిందని. రేడియేటర్ మూత మాత్రం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే తియ్యండి, నీళ్ళ మీద నూనె తెట్టు కనపడితే హెడ్ గాస్కెట్ (ఇంజన్ హెడ్ కింద ఉండే సీలు) పోయిందని అనుమానమే.

ఖాళీ బండి నడిపి బాగుంది అనుకోవద్దు, ఖాళీ బండి అన్నీ దాచేస్తుంది. ఓనరు ఒప్పుకుంటే ఒక టన్ను ఏదో ఒకటి వేసి ఫ్లైఓవర్ ఎక్కించండి. మూడో గేర్లో యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరుస్తూ బండి మాత్రం కదలకపోతే క్లచ్ ప్లేటు అయిపోయినట్టే, కాలు తీసినప్పుడు గేరు దానంతటదే జారిపోతే గేర్ బాక్స్, వెనక ఇరుసు హౌసింగ్‌లోంచి గుయ్యిమని మోత వస్తే క్రౌన్ పినియన్ (వెనక చక్రాల్ని తిప్పే పళ్ళ చక్రాలు). ఇవన్నీ బాగయ్యేవే, కాకపోతే ఆ డబ్బు రేటులోంచి తగ్గించాల్సింది ఓనరు.

ఇక ఆ 2 లక్షల 60 వేలు కూడా మీటర్ మీదున్న అంకె అంతే, మీటర్ తిప్పించడం పెద్ద విద్యేం కాదు. పెడల్ రబ్బర్లు, స్టీరింగ్, డ్రైవర్ సీటు ఎంత అరిగాయో చూడండి, కంపెనీ సర్వీసుకి వెళ్ళిన బండైతే హిస్టరీ తీయించి చూపించమని ఓనర్నే అడగండి.

కాయితాలు: పదేళ్ళు దాటిన ట్రాన్స్‌పోర్ట్ బండి, ఎనిమిదేళ్ళు దాటాక ఫిట్‌నెస్ ఏటేటా చేయించాలి. కాబట్టి బేరంలోనే “కొత్త ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించి ఇవ్వు” అని పెట్టండి, తడబడ్డాడంటే బండి గురించి మీకు చెప్పనిది ఏదో ఉంది. ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ తేదీలు, ఫైనాన్స్ ఉందా లేదా తెలుస్తుంది, చలాన్లు, ట్యాక్స్ బాకీలు కూడా చూసుకోండి. ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిపోయిందని ఫైనాన్స్ వాళ్ళిచ్చే ఎన్ఓసీ, ఫారం 35 చేతికొచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి. ఓనర్‌షిప్ మార్పు కాయితాలు, ఫారం 29, 30 సంతకాలు అయ్యాక ఆర్‌సీ మార్పు వాయిదా వెయ్యొద్దు, ఇన్సూరెన్సు మీ పేరు మీదకి మార్చమని 14 రోజుల్లోపే రాసుకోండి.

నా మాట అడిగితే ఈ బండి వదిలెయ్యండి. ఛాసిస్ నిజంగా గట్టిగా తేలితే అప్పుడు కూడా 3 లక్షల 30 వేలు ఎక్కువే, టైర్లకి, బ్యాటరీకి, కమాన్లకి, క్లచ్‌కి కొంత చేతిలో ఉంచుకోలేకపోతే కొన్న నెలకే షెడ్డులో పెట్టి మళ్ళీ కిరాయి బండి ఎక్కుతారు. 3 లక్షలు తిరిగినా పర్లేదు, బ్రెడ్డు, చిప్స్ ప్యాకెట్లు తోలిన బండి వెతకండి, లోడంతా గాలే కాబట్టి కమాన్లు, ఛాసిస్ బతికుంటాయి. ఇసుక, ఇనుము తోలినవి లక్ష లోపు తిరిగాయన్నా దగ్గరకి పోకండి.

ప్రశ్న: మా వారు 2021 మోడల్ పికప్ చూశారు. 50 వేలే తిరిగింది, బయట రేటుకన్నా లక్ష తక్కువకి ఇస్తామంటున్నారు. ఓనరు వాళ్ళది అజిత్‌సింగ్ నగర్. వెంటనే అడ్వాన్స్ ఇచ్చేద్దామంటున్నారు.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఆపండమ్మా, 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగి అజిత్‌సింగ్ నగర్ మునిగినప్పుడు ఆ బండి ఎక్కడుందో ముందు అడగమనండి. అక్కడివాళ్ళ బండ్లన్నీ మునిగాయని కాదు, కానీ లక్ష తక్కువ అంటే కారణం ఉంటుంది. 2021 మోడల్ అంటే బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) బండి, దాని నిండా సెన్సర్లు, వైరింగే, నీళ్ళలో మునిగి ఆరిన వైరింగ్ ఇవాళ బాగానే ఉండి ఆర్నెల్లకి నడిరోడ్డు మీద ఆగుద్ది, ఏ సెన్సరో కనుక్కోడానికే మెకానిక్‌కి రోజులు పడతాయి. సీటు బెల్టు చివరిదాకా లాగి బురద మరక ఉందేమో చూడండి, మ్యాట్లు ఎత్తండి, డ్యాష్‌బోర్డు కింద వైర్ల కనెక్టర్లు విప్పితే పచ్చగా పట్టి ఉంటే ఇంకేం మాట్లాడక్కర్లేదు. పాత ఇన్సూరెన్స్ క్లెయిముల వివరాలు ఓనరు చేతే తెప్పించమనండి.

ప్రశ్న: పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు ఆపేస్తారంటున్నారు, నిజమేనా? నా కారు లైసెన్సుతో పికప్ నడపొచ్చా?
– ఒక పాఠకుడు, మంగళగిరి

జవాబు: ఆ పదేళ్ళ గొడవ ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతానిది, మన దగ్గర ఫిట్‌నెస్ ఉన్నన్నాళ్ళు తిరగొచ్చు, గ్రీన్ ట్యాక్స్ మాత్రం కడుతుండాలి. లైసెన్సు విషయంలో దిగులక్కర్లేదు, ఎల్ఎంవీ (కారు లాంటి తేలిక బండ్ల లైసెన్సు) ఉంటే 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండి నడపొచ్చని, దానికి లైసెన్సు మీద విడిగా ఎండార్స్‌మెంట్ (అనుమతి ముద్ర) అక్కర్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్లో తేల్చేసింది, బొలెరో పికప్ ఆ బరువుకి చాలా తక్కువే.