0.5 మోలార్ హెచ్‌సీఎల్ కాస్తా 0.59 ఎందుకైందంటే

తమ్ముడూ, నీ టైట్రేషన్ (ద్రావణం గాఢత కొలిచే పరీక్ష) బాగానే ఉంది, తప్పంతా లెక్కలో ఉంది. 37 శాతం హెచ్‌సీఎల్ (హైడ్రోక్లోరిక్ యాసిడ్) నుంచి 0.5 మోలార్, అంటే లీటరుకు అర మోల్ ఉండే ద్రావణం 500 ఎంఎల్ చేద్దామని 24.6 ఎంఎల్ తీసుకున్నానన్నావు, తీరా చూస్తే 0.59 వచ్చిందన్నావు. అంటే 37 శాతాన్ని 100 ఎంఎల్‌లో 37 గ్రాములు అనుకున్నావన్నమాట. అది 100 ఎంఎల్‌లో కాదు, 100 గ్రాముల యాసిడ్‌లో. సీసా లేబుల్ మీద సాంద్రత 1.19 (ఎంఎల్‌కు 1.19 గ్రాములు) అని ఉంటుంది చూడు, దాన్ని వదిలేస్తేనే ఈ తిప్పలు. ఎమ్మెస్సీలో నేనూ ఇదే బోల్తా పడ్డా.

లీటరు యాసిడ్ బరువు 1190 గ్రాములు. అందులో 37 శాతం, 440.3 గ్రాములు. అణుభారం 36.46తో (ఒక మోల్ బరువు అన్ని గ్రాములు) భాగిస్తే 12.08 మోలార్. ఇక 0.5 × 500 ÷ 12.08 = 20.7 ఎంఎల్. నువ్వు దాదాపు 4 ఎంఎల్ ఎక్కువ పోశావు.

చేసింది పారబోయకు. 0.5 × 500 అంటే 250, దాన్ని 0.59తో భాగిస్తే 424. అన్ని ఎంఎల్ కొలిచి 500 ఫ్లాస్కులో పోసి, గీత దాకా డిస్టిల్డ్ వాటర్ నింపు.

ఇంకోటి, మన హైదరాబాద్ మే ఎండల్లో మూత తీసిన ప్రతిసారీ పొగ పోతూనే ఉంటుంది. పాత సీసాలో 12.08 ఉంటుందని నమ్మకు. హబ్సిగూడలో మా ల్యాబ్‌లో ఆరబెట్టిన సోడియం కార్బొనేట్‌తో సరిచూశాకే లేబుల్ రాస్తాం. ఫ్లాస్కు మెడ మీద 20 డిగ్రీలనో 27 డిగ్రీలనో ఉంటుంది, ఆ ఉష్ణోగ్రత దగ్గరే గీత కొలత సరిగ్గా ఉంటుంది, అందుకే ద్రావణం చల్లారాకే గీత దాకా నింపు.