డిక్రీకీ కాలదోషం పడుతుంది

ప్రశ్న: మావారి స్నేహితుడికి 2008 జూన్‌లో ప్రామిసరీ నోటు మీద నా పేరున 4 లక్షలు ఇచ్చాం. పాప పెళ్లికి దాచుకున్న సొమ్ము. ఎప్పుడడిగినా రేపు మాపు అన్నాడు. 2010లో దావా వేస్తే నాలుగేళ్లు తిప్పి 2014 నవంబరు 18న డిక్రీ ఇచ్చారు. అతను జిల్లా కోర్టుకు అప్పీలు వెళ్లాడు. వాయిదాకు అతని తరఫున ఎవరూ రాలేదని 2019లో దాన్ని కొట్టేశారు. మధ్యలో 2016లో మా వకీలుగారు ఈపీ (డిక్రీ అమలు దరఖాస్తు) వేశారు, మరుసటి ఏడు మూసేశారని విన్నాం. ఫీజులకీ తిరుగుళ్లకీ లక్షా పది వేలు అయింది. 2021లో చేతిలో పెట్టిన 20 వేలు తప్ప అతని దగ్గర్నుంచి పైసా రాలేదు. మావారు పోయి మూడేళ్లయింది. కోర్టు పేరెత్తితే ఏడుపొస్తోంది. ఇప్పుడు అతనే ఇంటికొచ్చి, "వచ్చే ఏప్రిల్‌లో రిటైరవుతున్నాను, ఆ డబ్బు రాగానే 5 లక్షలు ఇస్తాను, స్టాంపు పేపరు మీద రాసిస్తాను, మళ్లీ కోర్టుకెందుకు" అంటున్నాడు. ప్రభుత్వోద్యోగి. సొంత మేడ ఉంది, కొడుకు పేరున రాస్తాడని అంటున్నారు. ఒప్పుకోమంటారా? అప్పీలు 2019లో పోయింది కాబట్టి నాకు 2031 దాకా గడువుందట, నిజమేనా? పాత వకీలుగారు 15 వేలు బాకీ కడితేగానీ ఫైలు ఇవ్వనంటున్నారు. ఇన్నేళ్లు తిప్పిన కోర్టుల మీద ఎవరికి ఫిర్యాదు చేయాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మొత్తంలో కేసును తేల్చేది ఒక్కటే తేదీ: 2014 నవంబరు 18. మిగతావన్నీ దాని తర్వాతే.

డిక్రీని, అంటే డబ్బు కట్టమని కోర్టు ఇచ్చిన ఉత్తర్వును, అమలు చేయించుకోవడానికి కాలపరిమితి చట్టం, 1963లోని ఆర్టికల్ 136 ఇచ్చిన గడువు 12 ఏళ్లు. అంటే మీకు 2026 నవంబరు 18 దాకానే. ఈ జూన్‌లో నేనిది రాస్తున్న రోజుకు మిగిలింది అయిదు నెలలు. 2031 అని చెప్పినవారు మీ మేలు కోరే చెప్పి ఉంటారు, కానీ ఆ లెక్క తప్పు. అప్పీలు కోర్టు ఇరుపక్షాలూ విని తీర్పు చెబితే, కింది కోర్టు డిక్రీ పై కోర్టు డిక్రీలో కలిసిపోతుంది, 12 ఏళ్లు అక్కడి నుంచి కొత్తగా మొదలవుతాయి. మీ విషయంలో అలా జరగలేదు. అతను హాజరుకాలేదని అప్పీలు కొట్టేశారు. హాజరుకాని కారణంగా కొట్టేసిన ఉత్తర్వు డిక్రీయే కాదని సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 2(2)లోనే ఉంది. కలిసిపోవడానికి అక్కడ రెండో డిక్రీ లేదు. గడువు దాటి వేసినందుకు అప్పీలు కొట్టేసిన ఒక కేసులో, దానివల్ల అమలు గడువు కొత్తగా మొదలుకాదని 2000లో సుప్రీంకోర్టు తేల్చింది. మీ పరిస్థితికీ అదే న్యాయం వర్తిస్తుంది.

అప్పీలు నడిచిన కాలంలో స్టే ఉంటే ఆ రోజులు కాలపరిమితి చట్టం సెక్షన్ 15 కింద మినహాయిస్తారు. మీరు స్టే మాటే రాయలేదు. అప్పీలు వేసినంత మాత్రాన స్టే వచ్చినట్టు కాదు, ప్రత్యేకంగా అడిగి తెచ్చుకోవాలి. కొత్త వకీలుతో అప్పీలు డాకెట్ (వాయిదాల నమోదు పత్రం) చూపించండి. స్టే ఉందని తేలినా సరే, నవంబరు 18నే ఆఖరి తేదీగా పెట్టుకుని పని చేయండి. డిక్రీ కాపీ ఆలస్యంగా చేతికొచ్చిందన్న వాదన కూడా నిలవదు. గడువు తీర్పు చెప్పిన రోజు నుంచే నడుస్తుందని, డిక్రీ టైపు చేసిన రోజు నుంచి కాదని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇంకొక మాట మనసులో గట్టిగా నాటుకోండి. మామూలు దరఖాస్తులు ఆలస్యమైతే తగిన కారణం చూపించి మన్నించమని అదే చట్టం సెక్షన్ 5 కింద అడుగుతాం. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21 కింద వేసే అమలు దరఖాస్తులకు ఆ సెక్షన్ వర్తించదని చట్టమే రాసింది. జబ్బు చేసిందనండి, భర్త పోయారనండి, వకీలు చెప్పలేదనండి, 12 ఏళ్లు దాటాక ఒక్కరోజు ఆలస్యాన్నయినా మన్నించే అధికారం జడ్జిగారికి లేదు. నోటుకు కాలదోషం పడుతుందని ఊళ్లో ప్రతివారికీ తెలుసు. డిక్రీకీ పడుతుందని చాలామందికి తెలియదు. కోర్టు ముద్ర పడింది కదా, ఇక శాశ్వతమే అనుకుంటారు.

ఇప్పుడు స్టాంపు పేపరు సంగతి. సంతకం చేయకండి, చేయించుకోకండి. మీ కేసులో ఇంతకుమించిన ప్రమాదం లేదు. అతను ఇస్తానంటున్నది వచ్చే ఏప్రిల్ తర్వాత, మీ డిక్రీ చచ్చిపోయేది ఈ నవంబరులో. అప్పును రాతపూర్వకంగా ఒప్పుకుంటే గడువు పెరుగుతుందన్న నియమం నోట్లకూ ఖాతాలకూ ఉంది, డిక్రీ అమలుకు లేదు. కాలపరిమితి చట్టం సెక్షన్ 18, సెక్షన్ 19 రెండింటి వివరణలూ డిక్రీని తమ పరిధి బయటే ఉంచాయి. అందుకే 2021లో ఇచ్చిన 20 వేల వల్ల కూడా మీ గడువు ఒక్కరోజు పెరగలేదు. వంద రూపాయల స్టాంపు మీద రాసినా, నోటరీ ముద్ర వేయించినా అంతే.

"ఆ కాగితం కొత్త ఒప్పందం అవుతుంది, దాని మీద ఇంకో దావా వేయొచ్చు" అనేవారూ దొరుకుతారు. అంటే మళ్లీ 2010లో నిలబడతారు: కొత్త కోర్టు ఫీజు, కొత్త సాక్ష్యం, కొత్త వాయిదాలు. పైగా డిక్రీ అమలుకు సంబంధించిన తగాదాలన్నీ అమలు కోర్టులోనే తేల్చుకోవాలి, వేరే దావా కుదరదు అనే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 47 అడ్డం వేసి అవతలివాళ్లు మొదటి వాయిదాలోనే పేచీ పెడతారు.

గడువు ఒక్కటే కాదు, అతను చెబుతున్న ఏప్రిల్‌కు ఇంకో అర్థం ఉంది. ఉద్యోగంలో ఉన్నంతకాలమే అతని జీతం మీకు అందుతుంది. రిటైరయ్యాక పెన్షన్‌నూ గ్రాట్యుటీనీ ప్రావిడెంట్ ఫండ్‌నూ జప్తు చేయడానికి అదే కోడ్ సెక్షన్ 60 ఒప్పుకోదు. ఆ డబ్బును బ్యాంకులో డిపాజిట్ చేసుకున్నా రక్షణ పోదని సుప్రీంకోర్టు చెప్పింది. ఏ సొమ్ము చూపించి మిమ్మల్ని ఆగమంటున్నాడో, చట్టం మిమ్మల్ని ముట్టుకోనివ్వని సొమ్ము అదే. అతనికి ఇది తెలుసో లేదో నేను చెప్పలేను. తెలిసినా తెలియకపోయినా నష్టం మీదే.

జీతం లెక్క ఇలా ఉంటుంది. జీతంలో మొదటి వెయ్యి రూపాయలు వదిలేసి, మిగిలినదాంట్లో మూడో వంతు జప్తు చేయొచ్చు. లెక్కలోకి వచ్చే జీతం 61,000 అనుకుంటే నెలకు 20,000 కోర్టుకు వస్తుంది. ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలకు మించి జీతం పట్టకూడదు. మీకంతకాలం ఎలాగూ లేదు. జీతమిచ్చే అధికారికి ఆర్డర్ 21 రూల్ 48 కింద ఉత్తర్వు వెళ్తుంది, ఆయన ప్రతినెలా కోసి కోర్టుకు పంపాలి. ఉత్తర్వు అందాక కూడా కోయకుండా జీతం మొత్తం ఇచ్చేస్తే ఆ సొమ్ముకు ప్రభుత్వమే బాధ్యత వహించాలి. మీరు ఆలోచిస్తూ గడిపే ప్రతినెలా ఒక నెల జీతం జారిపోతున్నట్టే.

కోర్టుల మీద మీ కోపం గురించి. నోటు మీద వేసిన దావాకు నాలుగేళ్లు పట్టడం అన్యాయమే, దాన్ని నేను సమర్థించను. డిక్రీ వచ్చాకే ఈ దేశంలో కక్షిదారు కష్టాలు మొదలవుతాయని 1872లోనే ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో లండన్‌లోని ఆఖరి అప్పీలు కోర్టు) అంది. ఇప్పటికీ దేశంలో 8.8 లక్షలకు పైగా ఈపీలు పెండింగులో ఉన్నాయని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ముందుకు లెక్క వచ్చింది. కానీ మీ కేసులో చూడండి. దావా తేలింది 2014లో. అప్పీలులో స్టే లేకపోతే మరునాడే ఈపీ వేయొచ్చు, 2016 దాకా వేయలేదు. వేసిన ఈపీని 2017లో ఎందుకు మూసేశారో ఇప్పటికీ మీకు తెలియదు. బత్తా (నోటీసులు పంపడానికి కోర్టుకు కట్టే రుసుము) కట్టకో, చిరునామా ఇవ్వకో మూసి ఉంటారు, నేను చూసినవాటిలో ఎక్కువ అలా పోయినవే. ఆ తర్వాత తొమ్మిదేళ్లు అమలు కోర్టులో మీ పేరున కాగితమే లేదు. లేని కేసును ఏ జడ్జీ ఆలస్యం చేయలేదు. మీకు కటువుగా అనిపించినా చెప్పాలి: ఏడాదికొకసారి కోర్టుకెళ్లి "నా ఈపీ ఏ దశలో ఉంది" అని అడిగి ఉంటే, ఈపాటికి డబ్బు చేతికొచ్చి ఉండేది. ఫిర్యాదు ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఫిర్యాదు రాసే పూట ఈపీ మీద పెట్టండి.

మూసిన ఈపీ వల్ల హక్కు పోలేదు. గడువులోపు ఎన్ని ఈపీలైనా వేయొచ్చు. గడువులోపు పడిన ఈపీ నవంబరు 18 దాటి ఎంతకాలం నడిచినా చెల్లుతుంది.

ముందుగా తీర్పుకూ డిక్రీకీ సర్టిఫైడ్ కాపీల కోసం దరఖాస్తు పెట్టండి. పాత రికార్డు కాబట్టి రికార్డు రూము నుంచి రావడానికి వారాలు పట్టొచ్చు, అందుకే ఇది ఈ వారమే జరగాలి. పాత ఈపీ ఉత్తర్వు నకలు కూడా అడగండి. పాత వకీలుగారి దగ్గరున్న ఫైలు కోసం ఆగొద్దు. ఫీజు బాకీ ఉందని కక్షిదారు ఫైలు ఆపుకునే హక్కు న్యాయవాదికి లేదని 2000లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ మాట మర్యాదగా రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. బాకీ నిజమైతే అది వేరుగా తేల్చుకోండి, ఎగ్గొట్టమని నేను చెప్పను.

ఖర్చు గురించి ఇంత బాధపడ్డారు గానీ మీకొక మార్గం ఎవరూ చెప్పినట్టు లేరు. న్యాయసేవాధికార సంస్థల చట్టం, 1987లోని సెక్షన్ 12 కింద ఆడవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం వస్తుంది. వకీలు, కోర్టు ఫీజు, బత్తా అన్నీ అందులోనే. కోర్టు ఆవరణలో ఉండే న్యాయసేవాధికార కమిటీలో ఆధార్, డిక్రీ వివరాలతో దరఖాస్తు ఇవ్వండి. సొంతంగా వకీలును పెట్టుకున్నా, దావాకు కట్టినంత కోర్టు ఫీజు ఈపీకి ఉండదు, స్వల్పమే.

ఈపీలో జీతం ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. మేడకు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆస్తి మీది లావాదేవీలు చూపే పత్రం) తీయించి, హద్దులతో సహా షెడ్యూలు రాసి, దాని జప్తూ వేలమూ కూడా ఇప్పుడే అడగండి. అవసరమైతే రెండు ఈపీలు వేయండి. జీతం ఆగిపోయాక, గడువు దాటాక మేడను చేర్చమంటే దాన్ని కొత్త దరఖాస్తుగా చూసి కొట్టేసే ప్రమాదముంది. జప్తు అయ్యాక కొడుక్కు గిఫ్టు రాసినా సెక్షన్ 64 ప్రకారం అది మీ డిక్రీ ముందు చెల్లదు. జప్తుకు ముందే రాస్తే, మోసపూరితంగా రాశాడని మీరు నిరూపించాల్సి వస్తుంది, అది మళ్లీ పెద్ద పోరాటం. ఎవరు ముందు వెళ్తారన్నదే ఇక్కడ తేడా. ఇంకేమేం ఆస్తులున్నాయో తెలియకపోతే ఆర్డర్ 21 రూల్ 41 కింద అతన్నే ప్రమాణపత్రం ఇమ్మని కోరండి. కోర్టు ఆదేశించినా ఇవ్వకపోతే మూడు నెలల దాకా సివిల్ జైలు ఉంటుంది.

డిక్రీ వచ్చి రెండేళ్లు దాటింది కాబట్టి ముందు అతనికి నోటీసు ఇవ్వాలని రూల్ 22 అంటుంది. ఆ నోటీసు పట్టుకుని అతను మేడ మార్చేయొచ్చు, నెలలూ గడపొచ్చు. అందువల్ల అదే రూల్‌లోని రెండో ఉపనియమం కింద, రిటైర్మెంట్ తేదీనీ ఆస్తి బదిలీ భయాన్నీ అఫిడవిట్‌లో రాసి, నోటీసు లేకుండానే జప్తు ఉత్తర్వు అడగమనండి. ఇస్తారా లేదా అన్నది జడ్జిగారి విచక్షణ, అడగకపోతే మాత్రం రాదు. ఈపీలను ఆరు నెలల్లో తేల్చాలని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించింది, 2025 మార్చిలో మళ్లీ గుర్తుచేసింది. వాయిదా దూరంగా పడితే ఆ తీర్పులు చూపించి ముందుకు జరపమని మెమో వేయించండి.

అతనిచ్చిన 20 వేలు ఈపీలో తప్పకుండా చూపించండి. కోర్టులో నమోదు కాలేదు కదా, దాచేద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. అతని దగ్గర మీ సంతకమో ఫోన్ మెసేజో ఉంటే మీ మాటకు విలువ పోతుంది. వడ్డీ మీ డిక్రీలో ఎంత రాశారో చూడండి. ఇలాంటి అప్పులకు డిక్రీ తర్వాత ఏటా 6 శాతానికి మించి రాదు, చక్రవడ్డీ ఉండదు. 4 లక్షల అసలు మీద ఏడాదికి 24,000, ఇప్పటికి సుమారు 2 లక్షల 76 వేలు. దీనికి డిక్రీకి ముందు వడ్డీ, దావా ఖర్చులు కలుస్తాయి. అతను ఇస్తానంటున్న 5 లక్షలు మీకు రావాల్సినదానికంటే బాగా తక్కువ.

అయినా రాజీకి నేను వ్యతిరేకిని కాను. ఈ వయసులో మీరు కాస్త తగ్గి తీసుకున్నా తప్పు లేదు. అది ఈపీ వేసిన తర్వాత జరగాలి, కోర్టులో గానీ లోక్ అదాలత్‌లో గానీ నమోదు కావాలి, కిస్తీల తేదీలు, తప్పితే మొత్తం డిక్రీ సొమ్ము వసూలు చేసుకునే షరతు అందులో ఉండాలి. డబ్బు పూర్తిగా మీ ఖాతాలో పడకుండా "మొత్తం ముట్టింది" అన్న కాగితం మీద సంతకం పెట్టొద్దు. అతను ఈసారి ఇంటికొస్తే, "మీరు చెప్పిన మాటే జడ్జిగారి ముందు చెప్పండి, నేను వస్తాను" అనండి. ఈపీ నంబరు చేతికొచ్చాక ఆ నంబరు, మొదటి వాయిదా తేదీ నాకు రాయండి.